ఎన్ని ఊపిర్లకి?

పల్లాల బుల్లిరెడ్డి చెట్టుకు చెప్పకుండా ఆకు తుంచడు. దగ్గుకీ, ఆయాసానికీ, పసిపిల్లల డొక్కలెగరేతకీ మందిచ్చే మనిషిగా ఆ చుట్టుపక్కల కొండరెడ్ల ఊళ్ళన్నిటిలో ఆయనకు పేరుంది. అడ్డసరం పొద ముందుకు వెళ్ళగానే తలగుడ్డ విప్పి భుజాన వేసుకుంటాడు. పక్కింటావిడను పలకరించినట్టే దాన్ని పలకరిస్తాడు. "అమ్మా, ఫలానా ఊరు, ఫలానా మనిషి. పది అడుగులేత్తే నిలబడిపోతన్నాడు. ఒక్క ఊపిరి కోసం కోసుకుంటన్నాను" అంటాడు. కావలసినంత ఆకు కోసుకుని, తలగుడ్డ చుట్టుకుని వచ్చేస్తాడు. పూజ లేదు, పసుపు లేదు, కోడి అసలే లేదు. అంత దూరం వెళ్ళి ఏదో తంతు చూద్దామనుకున్న నాలాంటివాళ్ళకు కాస్త నిరాశే.

చెట్టు దగ్గరికి వెళ్ళే ముందు రోగిని అడిగే మాట కూడా ఒకటుంది. చెయ్యి పట్టుకు చూడడం, వీపుకు చెవి ఆనించి వినడం అన్నీ అయ్యాక లేచి నిలబడతాడు. రోగి మొహంకేసి కాకుండా గడపకేసో చూరుకేసో చూస్తూ అడుగుతాడు.

"సెట్టు అడుగుద్ది. ఎన్ని ఊపిర్లకని సెప్పమంటావు?"

ముసలివాళ్ళు బోసినోళ్ళతో నవ్వుతారు. "ఉన్నది ఒకటే గదా, అదీ సగమే" అంటారు. మగవాళ్ళు "ఒకటే మావా" అని ముక్తసరిగా తేల్చేస్తారు. బుల్లిరెడ్డి తలూపి బయలుదేరతాడు.

ఆయనకు ఒక శిష్యుడున్నాడు. పేరు కత్తుల సింగారెడ్డి, వయసు ముప్ఫై రెండు. పుట్టింది ఆ కొండల్లోనే గానీ పదేళ్ళకే హాస్టలు చదువుకని కిందికి దిగిపోయాడు. తరవాత రాజమండ్రిలో ఒక మందుల షాపులో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అలాంటివాడి తల్లి ఉబ్బసంతో ఊపిరాడక కొండమీద పోయింది. కబురు అతనికి చేరేసరికి మూడోరోజు కూడా అయిపోయింది. అన్ని మందుల పేర్లు తెలిసి, ఒక్కటి కూడా అమ్మ నోటిదాకా తేలేకపోయానన్న బాధ అతన్ని షాపులో నిలవనివ్వలేదు. పని మానేసి కొండెక్కి, బుల్లిరెడ్డి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వస్తూ వస్తూ ఒక పెద్ద నోటుబుక్కు తెచ్చుకున్నాడు. అందులో స్కేలు పెట్టి గీతలు గీశాడు: ఆకు పేరు, ఏ భాగం, ఎంత, ఎన్ని పూటలు. చెట్టుతో అనాల్సిన మాటలకు అందులో గడి లేదు.

అలాగని అతను ఆ మాటల గురించి ఆలోచించలేదని కాదు. ఆలోచించాడు, తెలివైనవాడు కాబట్టి ఒక కారణం కూడా కనిపెట్టాడు. ఆ ప్రశ్నకు రోగి నవ్వుతాడు. నవ్వితే ఊపిరి సంగతి బయటపడుతుంది. తేలిగ్గా నవ్వేవాడు ఒక రకం, నవ్వుతూ దగ్గేవాడు ఒక రకం, నవ్వే ఓపికే లేనివాడు ఇంకో రకం. ముసలాయన అది కనిపెట్టడానికే అలా అడుగుతాడు, అంతకుమించి ఏమీ లేదు అని నిర్ణయించుకున్నాడు. ఆ ఊహ మరీ తప్పు కూడా కాదు. సగం నిజమైన ఊహను వదిలించుకోవడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే.

అయినా ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, ఉన్నమాట చెప్పు. చెట్టు నిజంగా వింటాదా?"

బుల్లిరెడ్డి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే రకం కాదు. కాల్చబోయిన చుట్టను చెవి వెనక పెట్టుకున్నట్టే ప్రశ్నను కూడా ఎక్కడో పెట్టుకుంటాడు. ఊపిరికి మందిచ్చే మనిషి చుట్ట కాలుస్తాడా అని అడక్కండి, కాలుస్తాడు. ఆ రోజు కూడా "మంచిదే అడిగేవు" అని ఊరుకున్నాడు.

పుష్యమాసం వచ్చింది. కొండల్లో మంచు పొద్దెక్కినా విడవని రోజులు. బుల్లిరెడ్డి మడమలో ముల్లు విరిగి, పాదం పొంగి, గడప దాటలేకుండా ఉన్నాడు. అప్పుడు పై ఊరైన వెదురుగొంది నుంచి మంగాయమ్మ అనే ఆవిడ దిగి వచ్చింది. కోడలు చెల్లాయమ్మకు మూడు రోజులుగా ఆయాసం. గుండెలో పిల్లికూతలు. పడుకుంటే ఊపిరందక గోడకు ఆనుకునే కూర్చుంటోంది. చెల్లాయమ్మకు ఇరవై రెండేళ్ళుంటాయి. కాపురానికొచ్చిన మూడేళ్ళలో రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ నెల తప్పిన సంగతి ఊరంతటికీ ముందే తెలిసింది. తరవాత ఊరంతా వచ్చి పరామర్శించింది. ఆ పరామర్శలే ఆ పిల్లను ఎక్కువ కుంగదీశాయని మంగాయమ్మ కళ్ళొత్తుకుంది.

బుల్లిరెడ్డి శిష్యుడికేసి చూశాడు. "ఈసారి నువ్వెల్లు" అన్నాడు. అతను నోటుబుక్కు తీసుకుంటుంటే మళ్ళీ పిలిచాడు.

"ముందు మనిషి. తరవాత సెట్టు. మల్లీ మనిషి. సెట్టు అడిగేదానికి జవాబు పట్టుకుని మరీ ఎల్లు."

ఇప్పుడు ఆ దారి సంగతి కొంచెం చెప్పాలి. వెదురుగొంది బుల్లిరెడ్డి ఇంటికి గంటన్నర ఎత్తున ఉంది. అడ్డసరం గుబురు సగం దారిలో, వాగు పక్కన ఉంది. గురువు చెప్పినట్టు చేస్తే గుబురు పక్కనుంచే పైకెక్కిపోవాలి, రోగిని చూసి మళ్ళీ వాగుదాకా దిగాలి, ఆకు కోసుకుని మళ్ళీ ఎక్కాలి. మంగాయమ్మ ముందు నడిచి వెళ్ళిపోయింది. సింగారెడ్డి వాగు దగ్గర ఆగాడు. రోగం ఆయాసమని తెలుసు, ఆకు అడ్డసరమని తెలుసు. దారిలో కనబడుతున్న ఆకును వదిలేసి, దానికోసమే మళ్ళీ దిగి రావడం ఏం తెలివి? అక్కడ ఊపిరాడని మనిషి ఎదురుచూస్తోంది కదా.

అతని తొందరలో దురుద్దేశమేమీ లేదు. బహుశా తల్లి గుర్తొచ్చి ఉంటుంది.

భుజాన తువ్వాలు సర్దుకుని, ఎవరూ చూడడం లేదు కదా అని అటూ ఇటూ చూసి, "వెదురుగొంది, చెల్లాయమ్మ, ఒక్క ఊపిరి కోసం" అన్నాడు. రిజిస్టరులో సంతకం పెట్టినంత వేగంగా అనేసి, ఆకు కోసుకుని కొండెక్కాడు.

చెల్లాయమ్మ నిజంగానే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకుంటోంది. ఇంట్లోనే పొయ్యి, పొయ్యిలో పచ్చికట్టె, ఇంటినిండా పొగ. సింగారెడ్డి గురువు చేసేవన్నీ చేశాడు, చివరి ప్రశ్న తప్ప. చెట్టుకు జవాబు ముందే చెప్పేసి వచ్చాడు కాబట్టి ఇక అడగడానికేముంది? ఆకు కడిగి, నాలుగు మిరియాలు దంచివేసి, నీళ్ళు సగానికి మరిగించాడు. మంగాయమ్మ ఎండుపుల్లలకని పెరట్లోకి వెళ్ళింది. అతను కషాయం గిన్నెలో పోసి ఆ పిల్ల చేతికిచ్చాడు.

ఆమె రెండు చేతులా గిన్నె పట్టుకుంది గానీ నోటిదగ్గరికి తీసుకోలేదు.

"అన్నా, సెట్టు అడిగిందా?"

సింగారెడ్డికి నవ్వొచ్చింది. రోగే ఆ మాట అడుగుతుందని అతను అనుకోలేదు. "అడిగిందమ్మా" అన్నాడు.

"ఏం సెప్పేవు?"

"ఒకటని చెప్పాను."

ఆమె తల దించుకుంది. గిన్నెను మెల్లిగా నేలమీద పెట్టి, చేత్తో కాస్త దూరం జరిపింది. ఊపిరి కూడదీసుకోవడానికి కొంతసేపు పట్టింది.

"నన్నడక్కుండా సెప్పేత్తే ఎలాగన్నా? మల్లీ ఎల్లు. రెండని సెప్పు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గోడకేసి తిరిగిపోయింది. సింగారెడ్డి అది కూడా చూశాడు. చూసి, ఆయాసం వల్ల మెడ తిప్పుకుంటోందనుకున్నాడు.

అంతలో మంగాయమ్మ పుల్లలతో వచ్చి, కింద ఉన్న గిన్నెను చూసి కోడలి మీద విరుచుకుపడింది. "మందు కాడ కూడా బెట్టేనా నీకు? కొండెక్కి తెచ్చాడు ఆ మారాజు! తాగి సావవే!" చెల్లాయమ్మ గిన్నె ముట్టుకోలేదు. సింగారెడ్డే ఆవిడకు సర్దిచెప్పి, తప్పు లెక్కతో కోసిన ఆకు ఎవరూ తాగకూడదు కాబోలని ఆ కషాయం గుమ్మం పక్కన పారబోశాడు.

తొమ్మిదేళ్ళు మందుల షాపులో నిలబడ్డవాడికి 'రెండు' అన్న మాట ఎలా వినబడుతుంది? జబ్బు ముదిరినవాళ్ళు కౌంటరు మీద చెయ్యి పెట్టి "ఒకటికి లొంగట్లేదు, రెండియ్యి" అనడం అతను రోజూ విన్నదే. పాపం, ఈ పిల్లకు ఒక ఊపిరి మోతాదు చాలడం లేదు, రెండింతలు కావాలంటోంది అనుకున్నాడు. వాగు దాకా దిగి "రెండు ఊపిర్లకి" అని గుబురుకు గట్టిగానే చెప్పి, ఇందాకటికి రెండింతలు ఆకు కోసి తువ్వాల్లో మూట కట్టాడు.

అక్కడినుంచి నేరుగా పైకెక్కితే నలభై నిమిషాలు. ఎక్కబోయాడు కూడా. కానీ షాపులో మొదటి రోజునుంచీ నేర్చుకున్న బుద్ధి ఒకటి అతని కాలు పట్టుకుంది. డాక్టరు రాసిన మోతాదును అడక్కుండా పెంచకూడదు. సింగారెడ్డి వెనక్కి తిరిగి, మూటతో గురువు దగ్గరికి దిగాడు. ఈ కథలో అతన్ని నేను ఎన్నిసార్లు వెక్కిరించినా, ఈ ఒక్క పనికి మాత్రం అతనికి దణ్ణం పెడతాను.

బుల్లిరెడ్డి అరుగు మీద పాదానికి వేడినీళ్ళ గుడ్డ వేసుకుంటున్నాడు. మూట చూశాడు.

"అదేటి, అంత కోసేవు?"

"ఒక మోతాదుకి తగ్గదంట తాతా. ఆ పిల్లే చెప్పింది. డబుల్ ఇవ్వచ్చా, లేదా అడుగుదామని వచ్చాను."

"ఆ పిల్ల ఏమంది? నీ మాట కాదు, దాని మాట సెప్పు."

"రెండని చెప్పు అంది. చెట్టుకి."

బుల్లిరెడ్డి చేతిలో గుడ్డ కింద పెట్టేశాడు. "అప్పుడు అత్త యాడుంది?"

"పుల్లలకని పెరట్లోకెళ్ళింది."

"ఆ పిల్ల నీకేసి సూసి సెప్పిందా?"

"లేదు. గోడకేసి తిరిగి."

ముసలాయన చెయ్యి చాచి మూట అందుకున్నాడు. ముడి విప్పి, ఆకంతా దడి అవతలికి విసిరేశాడు. తరవాత ఆయన అడిగిన ప్రశ్న చిన్నదే. 

"మొదటిది తాగిందా?"

"లేదు తాతా. చుక్క కూడా ముట్టలేదు."

"నెల తప్పిన మనిషికి అడ్డసరం పొయ్యకూడదురా. కడుపు జారిపోద్ది."

సింగారెడ్డి ఉన్నచోటే కూలబడ్డాడు. అప్పటికే రెండుసార్లు పోయిన కడుపు. మూడోదాన్ని తన చేతులతో, మిరియాలు కూడా దంచివేసి, గిన్నెలో పోసిచ్చాడు. ఆ పిల్ల దాన్ని చేత్తో దూరం జరిపింది. ఆ తరవాత తను రెండింతలు కోసి తెచ్చాడు. అతను రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. బుల్లిరెడ్డి ఇంట్లోకి కుంటుకుంటూ వెళ్ళి గుప్పెడు వాము గుడ్డలో కట్టుకుని, కర్ర పుచ్చుకుని బయటికొచ్చాడు.

"లే. నన్ను పట్టుకుని నడిపించు."

గంటన్నర దారి ఆ రోజు వాళ్ళకు మూడు గంటలు పట్టింది. వెదురుగొందిలో మంగాయమ్మ గుమ్మంలోనే ఎదురైంది. మందేదని అడిగింది.

"సెట్టు ఒద్దంది" అన్నాడు బుల్లిరెడ్డి.

"ఒద్దందా?" అని ఆవిడ ఇంకేదో అడగబోయింది. గడప లోపల కోడలికేసి చూసింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.  ఆ మాటకు అర్థం తెలియని ఆడమనిషి ఆ కొండల మీద లేదు. తెలియనివాడు ఇంతకాలమూ సింగారెడ్డి ఒక్కడే.

"మరేం సెయ్యమంది?" అంది గొంతు తగ్గించి.

"పొయ్యి బయట పెట్టమంది. ఈ పిల్లని పొగ కాడికి రానివ్వద్దంది. వంట నిన్ను సెయ్యమంది."

"ఎన్నాళ్ళంటా?"

"అదే సెప్పుద్ది."

 ఇందాక తాగి చావమన్న ఆవిడే వేడి పొయ్యిరాళ్ళను గోనెగుడ్డతో పట్టుకుని, ఒక్కొక్కటీ తనే వాకిట్లోకి మోసింది. బుల్లిరెడ్డి వాము మూటను పెంకు మీద వెచ్చచేసి చెల్లాయమ్మ చేతికిచ్చి వాసన పీల్చమన్నాడు. వీపు వెనక ధాన్యం బస్తా ఆనించి కూర్చోబెట్టించాడు. పొగ పోయి ఇంట్లోకి గాలి వచ్చాక పిల్లికూతలు కాస్త తగ్గాయి. పోయాయని మాత్రం చెప్పలేను. ముసలాయన కూడా అలా చెప్పలేదు.

లేవబోతూ ఆ పిల్లకు మాత్రమే వినబడేలా అన్నాడు. "నా పని ఇంతవరకే. రేపే డోలీ కట్టించి దింపిత్తాను, డాక్టరమ్మ కాడికి పో. ఆవిడ సెట్టు కాదమ్మా, ఆవిడికి నోరిప్పి సెప్పాల."

చెల్లాయమ్మ మొదటిసారి నవ్వింది. నవ్వు చివర దగ్గొచ్చింది. ఆ నవ్వు ఏ రకానిదో సింగారెడ్డి నోటుబుక్కులో రాసుకోలేదు.

మర్నాడు డోలీ కిందికి దిగింది. ముందు బొంగు చెల్లాయమ్మ మొగుడు పట్టాడు, వెనక బొంగు సింగారెడ్డి పట్టాడు. డాక్టరమ్మ పీల్చే మందు ఇచ్చింది, కడుపుతో ఉన్నవాళ్ళు వాడదగ్గదే. నెలనెలా రమ్మంది. ప్రతి నెలా ఆ డోలీ వెనక బొంగు సింగారెడ్డిదే.  వెదురుగొందిలో అయిదో నెల దాకా ఆ మాట ఎవరి నోటా రాలేదు. అందరికీ తెలిసీ రాలేదు. శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఊరు ఊరంతా వినేలా ఏడ్చిందట.

ఈ సంగతంతా నాకు చెప్పింది సింగారెడ్డే. నోటుబుక్కు కూడా చూపించాడు. అందులో ఇప్పుడు ప్రతి పేజీలోనూ కొత్తగా ఒక గడి ఉంది. చోటు చాలక అంచు మీద, వంకరగా గీసినది. పైన "జవాబు" అని రాసి ఉంది. ప్రశ్న ఎక్కడుందని అడిగాను. ప్రశ్న తనది కాదన్నాడు.

పురిటిబిడ్డను చూసి గురుశిష్యులిద్దరూ కొండ దిగి వస్తున్నారు. అప్పుడే వాన వెలిసింది. వాగు పక్కన అడ్డసరం తెల్లటి పూలతో నిండుగా ఉంది. ఆ రోజు కోయాల్సిన పనేమీ లేకపోయినా బుల్లిరెడ్డి దాని ముందు ఆగాడు. సింగారెడ్డి కూడా ఆగి, తువ్వాలు సర్దుకుని, ఎనిమిది నెలల కిందట అడిగి జవాబు రాని ప్రశ్నే మళ్ళీ అడిగాడు.

"తాతా, చెట్టు వింటాదా?"

బుల్లిరెడ్డి చెవి వెనకనుంచి చుట్ట తీశాడు.

"ఇంటాదో లేదో నాకు తెల్దురా" అన్నాడు. "అడగడం మటుకు అడుగుద్ది."